ఊడ్చిన దారి

ఉదయం తొమ్మిదికి చేపలగదిలో లైట్లు వెలగగానే
చారల చేపలు గుడ్లు పెట్టాయి.
టీ వడకట్టే జాలీతో ఎత్తుకొచ్చాను.
ఇప్పుడు రాత్రి పదకొండు,
యలహంక చివరి బస్సు వెళ్ళిపోయింది.
గోరువెచ్చని నీళ్ళలో ఆవగింజంత పిండం,
దాని లోపల ఓ ముప్పై ఆకుపచ్చ చుక్కలు:
రేపటి చేపలకి విత్తనాలు.

అవి పుట్టింది ఒకచోట కాదు.
నాలుగు వైపులా నాలుగు గుంపులు,
ఈ ఊరి పొలిమేరకి ఒకప్పుడు
నాలుగు బురుజులు కట్టినట్టు.
చేరాల్సింది మాత్రం పొట్టలో ఒకే మూలకి.
పటం లేదు, పిలిచే గొంతు లేదు.
దారిపొడుగునా కణాలు వదిలే ఒక ప్రోటీను,
అది ఎటు చిక్కనైతే అటు.
ఒంటికి ఒకపక్క బుడగ ఉబ్బుతుంది,
లోపలి సరుకంతా ఆ బుడగలోకి ఒలుకుతుంది.
అదే అడుగు.

నేను ఈ అడుగుల కోణాలు కొలుస్తాను.
నాలుగు నెలల్లో మూడువందల పన్నెండు కణాలు.
"అందం తరవాత, ముందు కోణాలు"
అంటుంది మా నాచియార్ మేడమ్.

కుడిపక్క గిన్నెలో ఉన్నవి వేరే పిండాలు.
వీటిలో ఒక్క జన్యువు తీసేశాం.
పిలుపు ఆగలేదు,
ఎప్పటికన్నా ఎక్కువే ఉంది.
పోయింది ఆ పిలుపుని తుడిచేవాళ్ళు.
చుట్టూ ఉండే మామూలు కణాలకి
వాసనని మింగి అరిగించుకునే
చిన్న చిన్న నోళ్ళుంటాయి,
అవి పోయాయి.
ఇక వాసన అంతటా ఒకేలా నిండిపోయింది.
నాలుగు దిక్కులూ రమ్మంటుంటే
ఎటని వెళ్తాయి?
బుడగలైతే ఉబ్బిస్తూనే ఉన్నాయి,
అటో అడుగు, ఇటో అడుగు,
పక్క కణాన్ని అంటుకుని అక్కడే తచ్చాడుతూ.
బద్ధకం కాదు.
అవి ఎంత కష్టపడుతున్నాయో
నిద్ర మానుకుని చూస్తే తెలుస్తుంది.

మూడున్నరకి కెమెరాని దాని మానాన వదిలేసి
స్కూటరు తీశాను.
హిమజక్కకి రేపు సీమంతం,
ఆరు మూరల మల్లెలు నా వంతు.
కె.ఆర్. మార్కెట్లో అప్పటికే
తలల మీద బుట్టలు, "దారి బిడి, దారి బిడి",
కాళ్ళ కింద నిన్నటి బంతి, కనకాంబరం, తులసి కాడలు
ఒకే నల్ల బురద, ఒకే తీపి కుళ్ళు.
ఎటు చూసినా అదే.
ఫోనులో నా తెలుగు విని
చీపురు ఆపి తలెత్తింది ఓబుళమ్మ.
"ఏ ఊరు పాపా?"
"అనకాపల్లి. మీది?"
"ఈ ఊరే. మా అబ్బ కాలం నుంచీ ఈ ఊరినే ఊడుస్తా ఉండాం."
మల్లెలు ఎటువైపు అని అడిగాను.
చెయ్యి చూపించలేదు.
"రవ్వంత ఆగు. ఈ కుళ్ళు ఎత్తేస్తా.
మల్లి యాడుండాదో నీ ముక్కే తీసుకపోతాది."

రెండు బండ్ల చెత్త.
ఆమె కూతురు కాబోలు, నీళ్ళు చల్లింది.
గాలి ఒక్కసారి ఖాళీ అయింది,
తరవాత, ఎడమనుంచి, సన్నగా.
నడిచాను.
నా నడక కోణం ఎంతో కొలవలేదు.

తొమ్మిదికి తిరిగొచ్చి చూస్తే
ఎడమ గిన్నెలో అందరూ చేరారు,
రెండు వరసలు, ఒకరి పక్కన ఒకరు.
కుడి గిన్నెలో కొందరు ఎలాగో చేరారు.
ఒకటి మాత్రం కంటి వెనక, తల దగ్గర,
ఇంకా ఉబ్బుతోంది, ఇంకా వెతుకుతోంది.
నోటుపుస్తకంలో దాని అంకె రాసి
జన్యువు పేరుండాల్సిన చోట
తెలుగులో "చీపురు" అని రాశాను.
మేడమ్‌కి తెలుగు రాదు.

మల్లెల్ని ఎంజైముల ఫ్రిజ్‌లో పెట్టాను.
అది తప్పు, నాకు తెలుసు.
మధ్యాహ్నం హిమజక్క తమ్ముడొచ్చాడు తీసుకెళ్ళడానికి.
నాకేమో కుర్చీలోనే నిద్ర.
ల్యాబంతా ఒకటే మల్లె వాసన,
పాపం అరగంట వెతికాడట
ప్రతి బల్ల కిందా,
పూలెక్కడున్నాయో తెలియక.